తాళంచెవి దగ్గర ఉంచుకోని నిర్మలమ్మ గారు

2014 సెప్టెంబరు ఎనిమిదవ తేదీ సోమవారం ఉదయం, ఇరవై రెండేళ్ల ఉపాధ్యాయ వృత్తి అనుభవంతో శ్రీమతి నిర్మలమ్మ గారు మన శిక్షణ కేంద్రంలో బోధకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. నలుగురిలో నిలబడి నోరు విప్పడానికి జంకే రైతులకు, గొర్రెల కాపరులకు వక్తృత్వ సంఘాలు నెలకొల్పడం ఆమెకు అప్పగించిన కార్యం. ఊళ్లలో జనం వాటిని మాటల సంఘాలంటారు.

తొలి సంఘం హుజూర్‌నగర్‌లో వెలసింది. గది తాళం తీసేది ఆమే, చాపలు పరిచేది ఆమే, రాని వారికి ఫోన్లు చేసి బతిమిలాడేది ఆమే. వక్త తడబడితే పక్కనుంచి మాట అందించేదీ ఆమే. మూడేళ్లు ఆ సంఘం కళకళలాడింది, పై అధికారుల ప్రశంసలూ అందుకుంది. 2018లో ఆమెకు మక్తల్ బదిలీ అయింది. నెల తిరక్కముందే ఆ గది తాళంచెవిని ఎవరో కవరులో పెట్టి, సంఘం మూతబడిందన్న చీటీ జతచేసి బస్సులో పంపించారు. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. తాను కదలగానే కూలిపోయే పనికి ఇన్నేళ్లు ఎందుకు పాటుపడ్డానని కుమిలిపోయారు. మాట్లాడేవారితోపాటు నడిపించేవారినీ తయారుచేస్తేనే సంఘం నిలుస్తుందని ఆనాడే నిశ్చయించుకున్నారు.

మక్తల్‌లో తొలిరోజే గది తాళంచెవిని సుక్కమ్మ చేతిలో పెట్టారు. గొర్రెలు కాసుకొనే ఆ ఇల్లాలు అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి. మూడు నెలలపాటు గది తెరవడం, సభను వేళకు మొదలుపెట్టడం, ఆ పని మరొకరికి నేర్పి తాళంచెవి అప్పగించడం ఆమె బాధ్యత. నిర్మలమ్మ గారు మాత్రం కావాలనే పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి వెనక కూర్చునేవారు.

మూడో వారం ఆమె వెళ్లేసరికి పదహారు మంది ఎండలో నిలబడి ఉన్నారు. సుక్కమ్మ లేదు, తాళంచెవీ లేదు, సభ జరగలేదు. ఇంకో తాళంచెవి చేయించి మీ దగ్గరే పెట్టుకోండి మేడం అని అందరూ పట్టుబట్టారు. ఇదీ హుజూర్‌నగర్‌లా మూతబడుతుందేమోనన్న భయం ఉన్నా, ఆమె ససేమిరా అన్నారు. మరుసటి వారం సుక్కమ్మ అందరికంటే ముందే వచ్చి గది తెరిచి, మొట్టమొదటిసారి సభ ముందు నిలబడింది.

"గొర్రె ఈనుతాంటే ఇడిసిపెట్టి రాలేకపోయిన. మిమ్ములను ఎండల నిలబెట్టిన, తప్పు నాదే. ఇగ నుంచి నాకు పని పడితే తాళంచెవి ముందురోజే మన సంఘంల నాగరాణికి ఇస్త. ఆమెకు అన్నీ నేర్పిన."

మూడు నెలల గడువు రాకముందే, ఎవరూ చెప్పకుండానే సుక్కమ్మ తన వెనక ఒక మనిషిని నిలబెట్టుకుంది. నిర్మలమ్మ గారు నేటికీ ఈ ముచ్చట చెబుతూ కళ్లు తుడుచుకుంటారు; మన కార్యాలయంలో వందసార్లు విన్నాం, ఆపమంటే ఆపరు కదా!

అక్కడినుంచి స్వచ్ఛంద నాయకుల శిక్షణకే ఆమె తన కాలమంతా ధారపోశారు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నేడు ఇరవై మూడు సంఘాలు నడుస్తున్నాయి. హుజూర్‌నగర్ గది సైతం 2022లో మళ్లీ తెరుచుకుంది. చాపలు పరిచే చేతులు మాత్రం ఇప్పుడు అక్కడివారివే.

గత నెలలో కట్టంగూర్ సంఘం ఆమెకు సన్మానం తలపెట్టింది. దారిలో బస్సు చెడి ముప్పావు గంట ఆలస్యమైంది. ఎదురుచూస్తున్నారేమోనని దారి పొడవునా ఆమెకు ఒకటే రంది. "నా కోసం ఆగిన్రంటే ఇన్నేళ్ల కష్టం మట్టిల కలిసినట్టే" అని వెంట వెళ్లిన వారితో అన్నారు. తీరా గడప దగ్గరికి చేరేసరికి లోపల మూడో వక్త మాట్లాడుతున్నారు. సన్మానం అందుకోవలసిన మనిషే లేకుండా సభ వేళకు మొదలైంది! సభ నడుపుతున్న పుష్ప లేవలేదు, ప్రసంగం ఆపలేదు. చివరి చాప వైపు చేయి చూపింది. నిర్మలమ్మ గారు చప్పుడు చేయకుండా వెళ్లి కూర్చున్నారు. అంత సంతోషంగా ఆమెను మనమెవరమూ ఏనాడూ చూడలేదు.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న నిర్మలమ్మ గారు, భర్త రఘుపతి గారితో కూడి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. ఏ ఊరి మాటల సంఘానికి వెళ్లినా చివరి చాప మీద ఆమెకు జాగా ఉంటుంది. సభ మాత్రం ఆమె కోసం ఆగదు.