ఆన్సెల్మో మూడు మొహాలు

ఆన్సెల్మోనా? వాడి పేరు నీకెవరు చెప్పారే! కూర్చో, ఆ దుంపలు ఒలుస్తూ విను. మా ఒరూరో ఊళ్ళో కార్నివాల్ పండగకి దయ్యం వేషం కట్టేవాళ్ళందరికీ మాస్కులు చేసేది మా అక్క యుస్తాకియా. ఏటా ఒక్కొక్కడి మొహానికీ ప్లాస్టర్ అచ్చు తీసేది, పాతవి పారేసేది కాదు, ఆ మొహాల మధ్య మాకు పడుకోడానికి చోటుంటే ఒట్టు. ఈ ఆన్సెల్మో గనిలో పని, మూడేళ్ళు ఆడతానని కన్యమాతకి మొక్కాడు. మూడో ఏడు అచ్చుకి రాకపోతే అక్క నిరుటిదాని మీదే చేసేసింది. పండగ వారం ఉందనగా వచ్చి మాస్కు బల్లమీద విసిరాడు. "ఏం యుస్తాకియా అక్కా, పసిపిల్లాడి కొలత పెట్టావా? దవడ దూరట్లేదు!" "నీ దవడే బలిసింది, రా!" అని అక్క కొత్త అచ్చు తీసి, మూడూ వరసన పెట్టింది. మొదటిది పెళ్ళికొడుకు మొహం, రెండోదానికి కనుబొమలు చూరులా ముందుకొచ్చాయి, మూడోది పారలాంటి దవడ! గనిలో దయ్యాన్ని మావాళ్ళు మామ అంటారులే. "మామ నన్ను తనలా మార్చేసుకుంటున్నాడు, మొక్కు తీరితే వదిలేస్తాడు" అని వాడు బావురుమన్నాడు. అక్క అచ్చులు శాలువాలో మూటగట్టి, వాణ్ణి ఆస్పత్రికి ఈడ్చుకుపోయింది, నేను వెనకాల. డాక్టరమ్మ అచ్చులు చూసి, "బూట్లు బిగుతయ్యాయా? ఉంగరం?" "కమ్మరి రంపంతో కోశాడు." "తలనొప్పి?" "రోజూ." "నా ముక్కు వైపే చూడు" అని చేతులు రెండు పక్కలా చాపి వేళ్ళు ఆడించింది. "ఎన్ని వేళ్ళు?" "ఏ వేళ్ళు?" అన్నాడు. రిహార్సల్లో పక్కవాళ్ళని గుద్దేస్తుంటే తాగొచ్చాడని తిట్టామే! ఆవిడ చెప్పింది: "మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుంది. దాని మీద కంతి లేచి ఎదుగుదల హార్మోన్ కుమ్మరిస్తోందని నా అనుమానం. చూపు నరాల్నీ నొక్కుతోంది, అందుకే పక్కలనున్నవి కనపడట్లేదు. లా పాజ్ పెద్దాస్పత్రిలో రక్తం చూడాలి, తల లోపల ఫోటో తీయాలి. ఇవాళే వెళ్ళు." "ఆడాక వెళ్తా." "అప్పటికి కళ్ళుంటాయో లేదో!" వాడు వింటేగా! మా ఇంటికొచ్చి ఆ బిగుతు మాస్కే తీసుకోబోతే, అక్క సుత్తి పుచ్చుకుని, నెల్లాళ్ళ పని, కొమ్ములతో సహా పొడి పొడి చేసింది. "ఇప్పుడాడరా!" ఊరంతా వినపడింది. వాడు ఏడుస్తూ బస్సెక్కాడు. డాక్టరమ్మ అనుమానమే నిజమైంది, ముక్కులోంచి పరికరం పెట్టి కంతి తీశారు. మూడు నెలలకి గుమ్మంలో నిలబడ్డాడు. దవడ అలానే ఉంది. కళ్ళు అక్క మీదే. పక్కన గోడవార నుంచుని నేను వాడి దవడని వెక్కిరిస్తున్నా. వాడు తల తిప్పలేదు. "సబీనా, ఆ నోరు ముయ్యి," అన్నాడు నాతో. అక్క ఆనందం పట్టలేక అక్కడే నేలమీద కూలబడిపోయింది… దుంపలు ఎంత మందంగా చెక్కేస్తున్నావే! ఇటివ్వు.