తప్పించుకునే పాచిక

పిడుగుపాటుకు గొర్రెల మంద పోయిన నాటి నుంచి తమ్ముడు నోరు విప్పడం లేదు. వాణ్ణి మాట్లాడించాలని పులివెందులలో అక్క ఇరవై ముఖాల పాచికతో కథలా ఆడే తన ఆట పరిచింది. కాగితం మీద గీసిన అడవిలో తమ్ముడు ఆడే మంత్రగాణ్ణి తోడేళ్లు చుట్టుముట్టాయి.

"అగ్గి మంత్రం వెయ్‌రా. గుంపుగా ఉండాయి, ఒక్క దెబ్బకే కాలతాయి."

"విడివిడిగా ఉంటే?"

"ఒకటో రెండో పోతాయి. అయినా తప్పించుకునేదానికి ప్రతి జీవికీ ఒకసారి పాచిక ఏస్తాం. పదిహేను దాటితే బతికినట్టే."

"తోడేలుకు గూడానా?"

"ఎలుకకైనా అంతే."

"పిడుగు పడినా?"

అక్క నాలుక కరుచుకుంది. "పడినా."

"మబ్బు పట్టిందని తొండూరు మేత బీట్లో మందను ఒక్కచోటికి తోలింది నేనేక్కా. నలభై గొర్రెలు. వాటికెవురిచ్చినారు పాచిక?"

"ఆట ఆపేద్దాం లేరా."

"వద్దు. నలభై సార్లు ఏస్తా. ఏది బతికిందో నువ్వు చెప్పు."

తమ్ముడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ఇది ఈనబోయే గొర్రెకు."

పాచిక దొర్లి దొర్లి మూడు దగ్గర ఆగింది.

"ఎంతక్కా?"

అక్క దాని మీద చెయ్యి కప్పింది.

"పద్దెనిమిది."