నక్షత్రం లేని పది పైసలు

— పెద్దనాయనా, మా పాపకు శాలెలో మేష్ట్రు పాత నాణేలు తీసుకరమ్మన్నాడు. నువ్వు టంకసాలలో అన్నేండ్లు పనిచేసినావు కదా, ఒకటో రెండో ఉంటే ఇస్తావా?

లేవమ్మా. ఒక్కటి కూడా లేదు. నమ్మవు కదా? ఎవురూ నమ్మరు. హైదరాబాదు టంకసాలలో ఇరవై ఎనిమిదేండ్లు దుడ్డు కొట్టినోని ఇంట్లో పాత బిళ్ళ ఒకటి లేదంటే నవ్వుతారు. మీ పెద్దమ్మ ఇప్పుటికీ అంటాది, "లోకానికంతా రూపాయిలు కొట్టినావు, నాకొక ముక్కుపుడక చేయించినావా" అని. లోపల వింటాండాది చూడు. విననీ.

పాపకు రాసుకునేదానికి కావాలంటే చెప్తా, నీ ఫోన్లో పట్టుకుని రాయించు. మా అవ్వ కాలంలో దమ్మిడీ, కానీ, అర్ధణా, అణా, బేడ, పావలా. బేడంటే రెండణాలు. ఏనుగు బొమ్మ ఉండే రాగి కాసులు కూడా రెండు ఉండె అవ్వ కాడ, పాత మైసూరు కాలంవి, చేన్లో మడక దున్నుతాంటే దొరికినాయంట. అప్పుట్లో శ్రీరంగపట్నంలో కొడతాన్నారంట, బెంగుళూర్లో కొడతాన్నారంట, ఈ పక్క గుర్రంకొండలో కూడా ఒక టంకసాల ఉండెనంట. ఆ రెండు కాసులూ ఏమైనాయో. మా చిన్నాయన చెంబుకు అతుకు వేయించినాడంటారు. ఆయప్ప చేసినా చేసుంటాడు, అట్లాంటోడే.

ఏం చెప్తాంటి? ఆ, కొత్త పైసలు. అవి వచ్చినప్పుడు నేను చిన్నోణ్ణి, బాగేపల్లిలో మా నాయనకు అంగడి. పదహారణాల రూపాయి నూరు పైసలాయె. అణాకు ఆరు పైసలు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు మాత్రం పద్దెనిమిది కాదు, పంతొమ్మిది. "ఈ పైసా యాడ్నుంచి పుట్టె శెట్టీ, నీ బెల్లం మూటలోనా?" అని ముసలోళ్ళు మా నాయనతో రోజూ పంచాయితీ. ఆయన పాపం సర్కారు తప్పును కూడా తానే మోస్తా ఒక్కొక్కరికీ చెప్పుకుంటాండె. ఆ గుణమే నాకు వచ్చింది. తప్పు జరిగితే నాదేమో, జరక్కపోతే జరుగుతాదేమో. అట్లనే బతికినా.

ఇంటర్ అయినంక పరీక్షె రాస్తే సర్కారు కెలసం వచ్చె, నెల జీతం ఉద్యోగం. టంకసాల. ఊరు విడిచిపోతి. పెండ్లయ్యె, ఇద్దరు పిల్లోళ్ళు, మీ వనజక్క, రమేశు. తెలీని ఊరు, ఒక గది ఇల్లు, మన మాట మాట్లాడితే పక్కింటోళ్ళు నవ్వుతాండ్రి. పిల్లోళ్ళను యట్ల పెంచేది, చెడిపోతే ఊర్లో ఏం మొగం చూపించేది అని ఒకటే గుబులు.

టంకసాలలో ఏమంటే, లోపలికి పోయేటప్పుడు జేబులో చిల్లర ఉండకూడదు. బయటికి వచ్చేటప్పుడు చేతులు రెండూ పైకెత్తాల, చెప్పులు విప్పాల, క్యారియరు గిన్నె గిన్నెకూ తెరిచి చూపించాల. దుడ్డు పుట్టే చోటు కదా, అట్లనే ఉండాల, అది తప్పు కాదు. బస్సుకు పాసు. అట్ల దినమంతా చిల్లర కొట్టినా నా జేబులో మాత్రం పైసా ఉండదు. ఒకనాడు వనజ బస్టాపు కాడికి వచ్చి "నాన్నా, పిప్పరమెంటు" అనె. చిల్లర లేదమ్మా అన్నా. మా వీధి సావాసగాళ్ళు టీ తాగుతాంటే నేను పక్కకు నిలబడితి. అది చూసింది ఆ పిల్ల. ఏడేండ్లు ఉంటాయి.

నాలుగు దినాలకో ఏమో, సాయంత్రం గేటు కాడ నా క్యారియరు గుడ్డ విప్పి గార్డు చేత్తో తడిమినాడు. ఒక కొనకు ముడి. చిన్న ముడి. విప్పితే పది పైసల బిళ్ళ. అల్యూమినియంది, అంచు వంకర్లు వంకర్లుగా ఉంటాదే, అది. అమ్మా, ఆ వారం మా మిషన్ మీద పడతాండేది పది పైసలే.

నాది కాదు సార్, నాకు తెలీదు సార్ అంటానే ఉండా. వెనకాల వరస నిలిచిపోయె. అందరూ నన్నే చూస్తాండారు. ఉద్యోగం పోతాది, జైలు, వీళ్ళను తీసుకుని ఏ మొగంతో బాగేపల్లికి పోయేది, అవన్నీ ఒక్కసారే.

ఒక పెద్దాయన వచ్చినాడు, ఆఫీసరు, నిదానమైన మనిషి. భూతద్దం తెప్పించినాడు. బిళ్ళ మీద సంవత్సరం ఉంటాదే, దాని కింద చూస్తే యాడ కొట్టినారో తెలుస్తాది. మా టంకసాలదైతే నక్షత్రం. బొంబాయిదైతే వజ్రం ఆకారం. కలకత్తాదైతే ఏ గుర్తూ ఉండదు. ఆయన చూసినాడు, మళ్ళా చూసినాడు. "నక్షత్రం లేదయ్యా, ఇది కలకత్తా బిళ్ళ. నీ ఇంట్లోనిదే. ఇంటికి పో, ఇంకోసారి గుడ్డ విదిలించుకుని రా" అన్నాడు. అంతే. ఒక్క మాట కూడా ఎక్కువ అనలేదు.

బయటికైతే వచ్చినా. బస్సెక్కలేదు, నడిచినా. ఆ ఊర్లో చిల్లరలో ఎక్కువ మా నక్షత్రంవే. ఆ పిల్ల చేతికి అట్లాంటిది ఒకటి తగిలింటే నా మాట ఎవురు నమ్ముతారు? దోవ పొడుగునా అదే. ఇంటికి పోయి అడిగినా, ఈ గుడ్డకు ముడేసింది ఎవురని. నేనే నాన్నా అని నవ్వుతా వచ్చింది. కొట్టినా. ఎందుకని అడగలేదు, ఏమి జరిగిందని చెప్పలేదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టినా.

మీ పెద్దమ్మ రెండు దినాలు నాతో మాట్లాడలేదు. మూడోనాడు చెప్పింది. పక్కింటామె ఏదో పనికి పిల్లకు పది పైసలు ఇచ్చిందంట. నాన్న కాడ టీకి చిల్లర లేదు కదా అని దాచి పెట్టిందంట. మా అమ్మ కొంగు కొనకు ముడేసుకునేది చూసింటాది, అట్లనే వేసింది.

అప్పుడు పోయి ఆ పిల్లను దగ్గరికి తీసుకోవల్ల. తీసుకోలేదు. నేనేం చేసినా తెలుసా? ఆ మరుసటి దినం నుంచి పిల్లోళ్ళు బయటికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ సంచులు చూడబట్టితి. జేబులు చూడబట్టితి. పెన్సిలు కొత్తదైతే యాడిది, ఎవురిచ్చిరి. భయం తల్లీ, చెడిపోతారని కాదు, నేను చూడని ముడి ఇంకోటి యాడన్నా ఉంటాదేమో అని. ఏండ్లు అట్ల.

వనజ కాలేజీలో చేరినంక ఒక సాయంత్రం వచ్చింది. నేను ఏమీ అడగలేదు, ఒట్టు, ఏమీ అడగలేదు. సంచి నా ముందర పెట్టింది, చెప్పులు విప్పింది, చేతులు రెండూ పైకెత్తి నిలబడింది. నవ్వలేదు, ఏడవలేదు. ఆ దినంతో నేను సంచులు చూసేది మానుకున్నా. మానుకుని ఏమి? అప్పుటికే అయిపోయింటాది.

ఇప్పుడు పూనాలో ఉండాది. దానికీ ఇద్దరు పిల్లోళ్ళు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాది. మాత్రలు వేసుకున్నావా, బీపీ చూయించినావా, అంతే. నా కాడ ఏదీ దాచదు, ఏదీ చెప్పదు. ఎందుకు కొట్టినానో దానికి ఇప్పుటికీ తెలీదు. గేటు సంగతి తెలీదు. బిళ్ళ పెట్టినందుకు నాన్న కొట్టినాడని, అంతవరకే తెలుసు. తాను పెట్టింది కలకత్తా బిళ్ళ కాబట్టే ఆ దినం మా నలుగురి కూడు పోకుండా నిలిచిందని ఎవురు చెప్పాల దానికి? నేనే కదా.

ఆదివారం చెప్దామనుకుంటా. ఫోన్ మోగుతాది. మాత్రలు వేసుకున్నా అంటా. పెట్టేస్తాది.

నీ ఫోన్లో ఇదంతా పడిందామ్మా? వనజకు పంపుతావా... వద్దులే, పనిలో ఉంటాది. వద్దు. నేనే చెప్తా.

లేదు, నేను చెప్పను. ఇన్నేండ్లు చెప్పనోణ్ణి ఇప్పుడేం చెప్తా. నువ్వే పంపు తల్లీ. ముందర అణాలు, బేడలు చెప్పిందంతా తీసేసి పంపు, అవి మీ పాపకు.

మీ పాప చల్లగుండనీ. నాణేలు దొరకలేదని మేష్ట్రు ఏమన్నా అంటే నువ్వే పోయి మాట్లాడు, దాన్ని పంపొద్దు. అది సంచిలో ఏమన్నా పెట్టుకుని పోతాంటే కూడా... అడుగు. ఊరికె అడుగు. చెప్తాది. ఆ వయసులో అడిగితే చెప్తారమ్మా.