ఎద్దుకు రెండో కన్ను

హలో… ఆ, లోహితా, నేనేమ్మా, నాయన్ని. ఏమాయ పీహెచ్‌డీ వైవా? డాక్టరమ్మవి అయిపోయినట్టేనా?…

ఇంకా లేదా. ఎగ్జామినరు టీ తాగను లేసినాడా… సరే, తాగనీ. మరి ఆ ఏడుపు గొంతేంది?…

ఏ బొమ్మ?… ఆ రెక్కల ఎద్దా. పలమనేరు సినిమా సెట్లో సింహాసనం ఎనక పెట్టినారే, అది. నేను చేసిందే గదా. ఇప్పుడు దానికేమొచ్చె?…

నిదానంగా చెప్పు. నవల్లో ఎద్దుకు రెండు కండ్లు… సినిమాలో ఒకటే… రెండోది ఉత్త తెలుపు. ఆ తెలుపు రాజు గుడ్డితనానికి… ఏందీ?… ప్రతీక. ఓహో.

ఎన్ని పేజీలు రాసినావు దాని మీద?…

నలభయ్యా! ఎద్దు మొత్తం చేసేదానికే నాకు పదైదు దినాలు పట్టె. నేను చెయ్యని కన్ను మీద నువ్వు నలభై పేజీలు రాసినావా…

నవ్వలేదులే.

అది ప్రతీకా కాదు, పాడూ కాదమ్మా. టెంకాయ కొట్టందే బొమ్మకు రెండో కన్ను తెరవకూడదు. మా నాయన కాడ్నించీ అదే పద్ధతి. డైరెక్టరుకు చెప్తే పక్కనోళ్ళతో ఇంగ్లీషులో ఏదో అని నవ్వినాడు. నేనే టెంకాయకు ఊళ్ళోకి పొయ్యినా. తిరిగొచ్చేసరికి షూటింగ్ అయిపోయి, సెట్టు పీకతా ఉండారు. అంతే.

ఎందుకు చెప్పలేదంటావా… నువ్వు అడిగితే గదా. ఆ డైరెక్టరు ఇంటర్వ్యూలు ముప్పై చూసినావంట. బొమ్మ చేసినోడు పక్క రూములోనే ఉండాడు.

ఆ… ఎగ్జామినరుకు అట్ట చెప్పేసినావా. 'మా నాయనే చేసినాడు, కావాలనే ఇడిసినాడు' అని. ఆయన అది నా నోటితో వినాలంటాడా… ఇప్పుడే, ఫోన్లో.

అంటే నేను అబద్ధం చెప్పాల.

అది ఎంత మాటో తెలుసా నీకు? బొమ్మలోడు కావాలని కన్ను తెరవకుండా పోతే ఊరంతటికీ కీడంటారు. సినిమా వచ్చినప్పట్నించీ నాకు ఇదే తంటా. 'టెంకాయకు పొయ్యినానప్పా, అంతలో తీసేసినారు' అని జాతర కమిటీ ఢిల్లీబాబుకు ఒట్టు పెట్టి చెప్పినా. అందుకే ఈ ఏడు కూడా అమ్మోరి మొగం చేసే పని నాకే ఇచ్చినాడు. నువ్వు చెప్పమనే మాట వాడి చెవిన పడితే ఇంక మట్టి ముట్టుకోనిస్తారా?…

నీ థీసిస్ ఎవురు చదవబోతారంటావా… అదీ నిజమేలే.

ఏడవద్దు. ఆరేండ్లు… తెలుసు, నాకు తెలుసు…

వచ్చేసినాడా. సరే, ఇయ్యి.

నమస్కారం సార్. ఆ, కుప్పయ్యనే… నాలుగో తరగతితో ఆపేసినా సార్. బొమ్మలు చేస్తాను… అవును, ఆ ఎద్దు నాదే.

రెండో కన్నా…

…

ఉండా సార్, లైన్లోనే ఉండా.

కావాలనే ఇడిసినా సార్.

ఎందుకంటే… ఆ రాజు కండ్లుండీ గుడ్డోడు గదా. ఆయన ఎద్దుకు మాత్రం రెండెందుకని… లేదు సార్, డైరెక్టరు చెప్పలేదు. నాకే తోచింది…

గొప్ప మాటా. మీరంటే గొప్పదే సార్. పెద్ద సదువులోళ్ళు.

పాపకు డాక్టరేటు వచ్చినట్టేనా?… సంతోషం సార్. శానా సంతోషం.

ఏందీ… పత్రికలోనా. ఈ ఆదివారమే, మీ వ్యాసంలో… నా పేరుతోనా…

నిజమే సార్, సినిమాలో వెయ్యలేదు. యాడా వెయ్యలేదు. ఇదే మొదలు…

రాసుకోండి. ఉత్త కుప్పయ్య అంటే మా పక్క శానామంది ఉండారు సార్. బొమ్మల కుప్పయ్య, చిత్తూరు… ఆ. అట్ట వేస్తే అందరికీ తెలుస్తాది.

పాపకు ఇయ్యండి సార్…

ఆ లోహితా. విన్నాలే, సార్ చెప్పినాడు. మొగం కడుక్కో పో… లేదమ్మా, నాకేం కోపం. పెట్టేస్తా ఉండా. ఢిల్లీబాబు మట్టి బండి పంపించినాడు, వాకిట్లో నిలబడుకోనుండాది. ఆదివారం లోపల ఎంత పని అయితే అంత చేసుకుంటా.