మోటారు లాంటిదే అనుకున్నారు

కాదు సార్, "కస్టమర్ స్వయంగా పెట్టిన ఆర్డర్లు" అని వచ్చినప్పటి నుంచీ అదే మాట అంటున్నారు. స్వయంగానే పెట్టారు. నొక్కింది మా నాన్న వేలే. కాదని నేనెప్పుడైనా అన్నానా? అన్నిసార్లు ఎందుకు నొక్కాల్సి వచ్చిందో అడగమంటున్నాను. అది మాత్రం మీరు అడగరు.

కూర్చోండి. ఆ కుర్చీ ఊగుతుంది, ఇటు వేసుకోండి. నాన్న తోటలో ఉన్నారు. విస్సన్నపేట రోడ్డులోనే, దూరమేం కాదు. కబురు పంపాను, వస్తారు.

మీరెందుకొచ్చారో నాకు తెలుసు. "పొరపాటు నాదే" అని ఆయన చేత ఒక్క మాట అనిపించి ఫోన్లో రికార్డు చేసుకుంటే ఫిర్యాదు మూసేస్తారు. అనకపోతే ఆ రోజు మీ షేర్ల యాప్ ఎందుకు ఆగిపోయిందో మీ కంపెనీ మార్కెట్‌ని చూసే అధికారులకి జవాబు చెప్పుకోవాలి. అంతేగా? ఆ మాట ఆయన అనరు. నేను అననివ్వను.

ఈలోగా నా మాట వినండి. మీ రికార్డుల్లో లేనిదే చెబుతాను.

మా నాన్న దశరథరామయ్య జూదరి కాదు సార్. షేర్లంటే ఏంటో చూద్దామని కొంచెం కొనేవారు, కొంచెం అమ్మేవారు. కళ్ళజోడు పెట్టుకుని, పురుగుమందు డబ్బా మీద అక్షరాలు చదివినంత శ్రద్ధగా మీ యాప్‌లో ప్రతి ముక్కా చదివేవారు. పొద్దున్నే బోసుబొమ్మ సెంటర్‌లో టీ తాగుతూ నలుగురితో కలిసి చూసుకునేవారు. అత్యాశ అంటారా? అనండి. ఊరంతా అదే అంది, మీరొక్కరు తగ్గడం ఎందుకు?

ఆ రోజు మార్కెట్ తెరిచీ తెరవగానే ఒక కంపెనీ షేర్లు కాసిని కొందామని నొక్కారు. తెర మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది. కొన్నట్టూ లేదు, కొననట్టూ లేదు. తిరుగుతూనే ఉంది. ఆ టీ కొట్టు దగ్గర అందరి ఫోన్లూ అంతేనట. సీతారామారావు బాబాయ్ విసుక్కుని ఫోన్ జేబులో పడేసి వెళ్ళిపోయారు. ఆయనకి ఏమీ కాలేదు. ఆయనకి తోట లేదు మరి.

నవ్వులాటకి చెప్పడం లేదు. తోట లేకపోవడమే ఆయన్ని కాపాడింది.

మా బోరుకి సెల్ స్టార్టర్ ఉంది. మీ ఊళ్ళో చూసి ఉండరు. మోటారు దగ్గర పెట్టెలో ఒక సిమ్ ఉంటుంది. ఇంట్లో కూర్చుని ఆ నంబరుకి ఫోన్ చేసి బటన్ నొక్కితే అక్కడ మోటారు తిరుగుతుంది. తోటలో సిగ్నల్ సరిగా ఉండదు. ఒకసారి కలవదు, మళ్ళీ చెయ్యాలి. కలుస్తుంది, నొక్కింది అందదు, మళ్ళీ నొక్కాలి. మోటారు ఆన్ అయిందని పెట్టెలోని రికార్డు గొంతు ఆవిడ చెప్పేదాకా నొక్కుతూనే ఉండాలి. ఇన్నేళ్ళుగా మా నాన్న మామిడికి నీళ్ళు పెట్టింది అలాగే. ఎన్నిసార్లు నొక్కినా తిరిగేది ఒక్క మోటారే కదండీ. పది మోటార్లు తిరగవు కదా.

మీ యాప్ కూడా అలాంటిదే అనుకున్నారు. అందలేదేమోనని మళ్ళీ నొక్కారు. ఆవిడ పలికేదాకా నొక్కేవారి ఓర్పు అది. చక్రం తిరుగుతున్నంతసేపూ నొక్కారు.

అన్నీ అందాయి. ఒక్కొక్కటీ ఒక్కో కొనుగోలు.

ఖాతాలో ఉన్నదానికి ఐదింతల దాకా ఆ పూటకి అప్పుగా కొననిచ్చే ఏర్పాటు మీదే కదా? అది కూడా నిండిపోయింది. నిండిపోయిందని తెలిసేసరికి ధర జారుతోంది. అమ్మేద్దామంటే తెర తెరుచుకోలేదు. మీ నంబరుకి చేస్తే, మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమైనదని చెప్పి పాట పెట్టారు. మధ్యాహ్నం దాకా ఆ పాట విన్నారాయన. ఆఖరికి మార్కెట్ మూసేముందు మీ కంపెనీయే అంతా అమ్మేసి, మీ అప్పు పట్టుకుని, మిగిలిన చిల్లర ఆయనకి వదిలింది. ఆ అమ్మకం మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. అప్పుడు చక్రం తిరగలేదు సార్. ఎందుకు తిరగలేదో చెప్పగలరా?

మీరూ జీతగాడే, తెలుసు. మీ మీద కోపం కాదు నాది, వ్యవస్థ మీద.

వ్యవస్థ అనగానే మీరు నవ్వు ఆపుకోడానికి పెదవి కొరుక్కున్నారు. చూశాను. నా ఫిర్యాదు చదివారన్నమాట. "లాభం వస్తే పెట్టుబడిది, నష్టం వస్తే ప్రజలది" అని చివర రాశాను. "ప్రశ్నించడమే పౌరుడి మొదటి పని" అని పైన రాశాను. మీ ఆఫీసులో నవ్వుకుని ఉంటారు. నవ్వుకోండి.

మా నాన్న నవ్వలేదు. పంపేముందు చదివి వినిపించమన్నారు. మొత్తం విన్నారు. విని, "బాగా రాశావు నీహా, ఇందులో నేనెక్కడున్నాను?" అన్నారు.

నిజంగానే లేరు సార్. మోటారు గురించి ఒక్క ముక్క రాయలేదు. అది రాస్తే పల్లెటూరి మనిషికి ఫోన్ వాడటం రాలేదంటారని భయపడ్డాను. మీకిప్పుడే చెప్పాను.

మీ ఖాతాలో పోయిన ఆ డబ్బు దేనికి దాచిందో మీకు తెలియదు కదూ. తోటలో ముసలి చెట్లు కొన్ని తీయించేశారు. వాటి చోట కొత్త మొక్కలకి గుంటలు తవ్వించారు. మొక్కలు రాలేదు. వాన పడితే ఆ గుంటల్లో నీళ్ళు నిలుస్తున్నాయి, ఎండ కాస్తే ఇంకిపోతున్నాయి. పనికొచ్చే జోజమ్మ, మొక్కలెప్పుడు తెస్తారయ్యా అని మొదట్లో అడిగేది. ఇప్పుడు అడగడం మానేసి, ఆ గుంటల పక్కనుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళుతోంది. అది చూడలేక ఆయన పొద్దున్నే జోజమ్మ కంటే ముందు వెళ్ళి తోట అవతలి చివర పని పెట్టుకుంటున్నారు.

అందుకే అంటున్నాను, డబ్బు ఇవ్వకపోయినా సరే. తప్పు మాదేనని మీ కంపెనీ ఒక్కసారి ఒప్పుకుంటే చాలు, ఆయన మళ్ళీ సెంటర్‌కి వెళ్ళి టీ తాగుతారు. నాకు కావలసింది...

వచ్చారు. నాన్నా, ఇలా రా. ఈయన ఆ యాప్ కంపెనీ నుంచి వచ్చారు, విజయవాడ ఆఫీసు. నువ్వేం మాట్లాడకు. నేను చెబుతున్నాను. ముందు కూర్చో.

ఎందుకు దణ్ణం పెడతావు ఆయనకి? ఆయన వయసెంత, నీ వయసెంత?

నాన్నా, ఆగు. ఏంటి, "పొరపాటు నాదేనండి" అంటావేంటి? ఆయన ఇంకా అడగనేలేదు. సార్, ఆ ఫోన్ దించండి. అది లెక్కలోకి రాదు. నాన్నా, నీకు అర్థం కావడం లేదు, ఆ మాటతో అంతా అయిపోతుంది. నేను రాసిందంతా, తిరిగిందంతా. వాళ్ళ సర్వర్లు ఆగిపోయాయి, తప్పు వాళ్ళది. నీది కాదు. చెప్పు ఆయనకి, నాది కాదని చెప్పు.

చెప్పవా?

ఏమన్నారో విన్నారుగా సార్. అంత నెమ్మదిగా అనేసి కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయారు. "తప్పు నాదైతే ఇంకోసారి చెయ్యను నీహా. వాళ్ళదైతే వాళ్ళు బాగుపడేదాకా నేను కూర్చోవాలి. నాకంత వయసు లేదు."

ఇన్ని పుస్తకాలు చదివాను. అన్యాయం జరిగినవాడు పిడికిలి బిగిస్తాడని ఉంది వాటన్నిట్లో. తప్పు తనదనుకుంటేనే రేపు లేచి తోటకి వెళ్ళగలిగేవాడి గురించి ఎవరూ రాయలేదు. రాసినా ఆ పేజీ నేను తిప్పేసి ఉంటాను.

తీసుకోండి, దాచుకోండి ఆ మాట. మీ పని అయింది. అబద్ధమని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇక తెలిసి ఏం లాభం?

ఏంటి నాన్నా? ఆఁ, ఇస్తున్నా.

మీరు ఎండన పడి వచ్చారట. మజ్జిగ ఇవ్వకుండా పంపొద్దంటున్నారు. ఉప్పు వెయ్యమంటారా, వద్దా?