పన్నెండో మచ్చ

అది కాదండీ, బాబాయ్‌గారూ! ఈ ఫోటోలో మొహం మా దాన్బీది కాదు. ఎవరిదో నున్నటి పింగాణీ బొమ్మది. దీనికి నల్ల రిబ్బను కట్టి అంత్యక్రియల్లో తెల్ల చామంతుల మధ్య పెడితే, వచ్చినవాళ్ళు దణ్ణం పెట్టేది ఎవరికి? మా చెల్లెలికా, మీ కంప్యూటరుకా?

తెలుసు, ఉద్యోగం దరఖాస్తుకి తీసిన ఫోటో. నాలుగు నెలల కిందట ఇదే కుర్చీలో కూర్చుని, మొటిమలన్నీ తుడిచేయమని తనే మిమ్మల్ని బతిమాలింది. మీ తప్పేం లేదు.

అసలుది ఉందా? చెరిపేశారా... ఊఁ.

దాని ఫోన్లోనా? చూడండి, రెండొందల పద్నాలుగు ఫోటోలు. పొద్దుట్నుంచి అదే పని, లెక్కపెట్టాను. నూట అరవైలో మాస్కు. మిగతావాటిలో చెయ్యి అడ్డం, లేదంటే ఫిల్టరు. ఇరవై నాలుగేళ్ళ పిల్లకి సొంత మొహంతో ఒక్క ఫోటో లేదు!

అందుకే వచ్చాను. నేను చెప్తుంటాను, మీరు ఆ మొటిమల్ని మళ్ళీ పెట్టండి.

అలా చూడకండి. ఏడవను. ఎందుకో రావట్లేదు. నిన్న బస్సు బోల్తా పడిందని ఫోనొచ్చినప్పుడు కూడా, అన్నం గిన్నె కడిగి బోర్లించి మరీ బయల్దేరాను.

ఎడమ చెంప మీద ఐదు. గడ్డం మీద నాలుగు. నుదుటి మీద రెండు. వాటిలో కనుబొమ్మ పక్కది కాస్త పెద్దది.

ఎలా గుర్తా? పన్నెండు వారాలు మందు రాసింది నేనే కదండీ! టీ ట్రీ నూనె ఒక బొట్టు, దాని ఘాటు తగ్గడానికి జొజొబా నూనె పందొమ్మిది బొట్లు. అంటే ఐదు శాతం. ఆదివారం ఆదివారం లెక్కపెట్టి క్యాలెండరు మీద వేసేదాన్ని. ముప్పై ఒకటి. నెల తిరిగేసరికి ఇరవై ఆరు. పందొమ్మిది. చివరికి పదకొండు.

"అక్కా, నా మొహం మెట్రో మ్యాపే! వారానికి ఒకటో రెండో స్టేషన్లు మూసేస్తున్నావు, పాపం జనం ఎక్కడ దిగుతారే?" అనేది.

లెక్క ప్రకారం ఇంకో ఏడు వారాలు ఆగితే అన్నీ పోయేవి. అంతే.

ఈలోగా కళ్ళద్దాల కంపెనీ వాళ్ళు పిలిచారు. రిసెప్షన్‌లో ఉద్యోగం, గురువారం ఇంటర్వ్యూ. మంగళవారం అద్దం ముందు నిలబడి, "పదకొండు స్టేషన్లతో వెళ్తే నన్ను ముందు గదిలో కూర్చోబెడతారంటావా?" అంది. నవ్వలేదు ఈసారి.

ఆ రాత్రి జొజొబా పందొమ్మిది బొట్లూ మానేశాను. అవునండీ, ఉత్త టీ ట్రీ నూనే రాశాను. ఇరవై రెట్లు ఘాటైతే ఇరవై రెట్లు త్వరగా తగ్గుతాయనుకున్నా. మా ఇంట్లో లెక్కలొచ్చినదాన్ని నేనే మరి!

తెల్లారేసరికి, గడ్డం మీది నూనె కారిన కుడి దవడంతా ఎర్రగా వాచి, పొక్కులు. ఇంటర్వ్యూకి వెళ్ళలేదు. తర్వాత పార్శిళ్ళ గోడౌన్లో చేరింది. "అక్కడ అందరికీ మాస్కులేనక్కా, ఎవరి మొహం ఎవరూ చూడరు, హాయిగా ఉంది" అంది.

నిన్న బోల్తా పడింది ఆ గోడౌను బస్సే.

ఊళ్ళో ఉండే అమ్మకి తెలీదు; మేం వెళ్ళినప్పుడు దాన్బీ ఆ మచ్చ మీద పౌడరు దట్టంగా అద్దుకుంది. పిరికిది, భయపడి ఇంటర్వ్యూ ఎగ్గొట్టిందనే అనుకుంటోంది. ఎన్ని మాటలంది! దాన్బీ తలొంచుకుని అన్నీ పడింది గానీ నా పేరు చెప్పలేదు. నేనూ పక్కనే కూర్చుని కూర నంజుకుంటూ తిన్నాను.

పదకొండూ అయ్యాయా? ఇంకొకటుంది. కుడి దవడ కింద గోధుమరంగు మచ్చ, బొటనవేలి గోరంత. కిందికి... ఇంకొంచెం ముదురు. ఆఁ, అక్కడే.

అది మొటిమ కాదండీ. అది నేను పెట్టింది.

ఇదేంటని అమ్మ అడుగుతుందా? అడగనివ్వండి. మీరు ఫ్రేము కట్టండి, పన్నెండింటికల్లా తీసుకెళ్ళాలి.