బిగించని కడ్డీ

కుందారపల్లి మలుపులో బోల్తాపడి యజమానిని పొట్టనబెట్టుకున్న ఎర్ర రేసుకారు, మరమ్మతై, 1964 చివర్లో హోసూరు కమ్మరి పిల్లప్ప కొలిమి ముందు ఆగింది. యజమాని భార్య దిగింది.

“మలుపుల్లో కారు ఒరగకుండా వెనక బిగించేదానికని ఆయన గీసిచ్చిన కడ్డీ చేసినావా, పిల్లప్పా?”

“చేసినానమ్మా. సోమవారం బిగిస్తానంటి. ఆయన ఆదివారమే కారెత్తుకొని పోయినాడు.”

“అది ఉండింటే బతికేవాడా?”

పిల్లప్పకు అబద్ధం నోటిదాకా వచ్చింది; మింగేశాడు.

“బతికేవాడేమోమ్మా. శనివారమే బిగించాల్సింది. నేనే జాతరకని వేప్పనపల్లికి పోయినాను.”

ఆమె కారు వైపు తిరిగింది.

“ఇప్పుడు బిగించు.”

“కారు అమ్మేస్తారంట కదమ్మా?”

“అందుకే బిగించమంటాండా. కొనేటాయన కోసం కూడా ఇంట్లో ఎవరో ఎదురుచూస్తా ఉంటారు.”

పిల్లప్ప కడ్డీ తీసుకుని కారు కిందికి దూరాడు. కళ్లు ఎంత తుడుచుకున్నా బోల్టు ఆనలేదు.